ఎన్నో బిడ్డ?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు పెళ్ళికార్డు కొట్టించి చూడు అనడం ఎందుకు మరిచారో నాకు తెలియదు. ఇల్లు కట్టడం నేను దగ్గరుండి చూశాను. ఎల్బీనగర్‌లో మా నాన్న ముందు రెండు గదులు వేసి, వీలు చిక్కినప్పుడల్లా ఒక గోడ లేపుతూ పోతే, పై అంతస్తుకు కప్పు పడేసరికి నేను పదో తరగతిలోకి వచ్చాను. ఆ తంటాలన్నీ ఒక చోట కుప్ప పోసినా, దిల్‌సుఖ్‌నగర్ కార్డుల షాపులో మేం కూర్చున్న ఒక్క పూటకు సాటిరావు.

షాపుకు వెళ్ళింది నలుగురం: నేను, అమ్మ, నాన్న, కాబోయే అత్తగారు. పెళ్ళికొడుకు రాలేదు. అతనూ నేనూ ఒకే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాం. అతను ఇంగ్లీషు, నేను రీజనింగ్. ఇద్దరం ఒకే రోజు సెలవు పెడితే బాగుండదని వంక చెప్పి తప్పించుకున్నాడు. "అమ్మకు కార్డుల విషయంలో కొంచెం పట్టింపు, సర్దుకో" అని మాత్రం ముందే నా చెవిన వేశాడు. ఇంగ్లీషు మాస్టార్లు కొంచెం అన్న మాటను ఎంత పెద్ద అర్థంలో వాడతారో ఆ రోజు తెలిసింది.

వాళ్ళది కోస్తా. ఎప్పుడో వచ్చి సరూర్‌నగర్‌లో స్థిరపడినా అత్తగారి మాటలో గోదావరి ఏమాత్రం తగ్గలేదు. మాది నల్లగొండ పల్లె. నాన్న డ్రైవరుగా మొదలై, సొంత లారీ కొని, ఇప్పుడు పెద్ద అంబర్‌పేట్ దగ్గర చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడుపుతున్నాడు. ఆ మొదటి లారీ ముందు అద్దం పైన, ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలతో నా పేరు ఉండేది. నేను అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో కాదు, ఆ లారీ నుదుటి మీదే. మా వీధిలో సైకిళ్ళున్న పిల్లలు ఉండేవాళ్ళు, బొమ్మ కార్లున్న పిల్లలు ఉండేవాళ్ళు, పేరు రాసిన లారీ ఉన్నది నాకొక్కదానికే. ఆ గర్వం నాకు కాలేజీ దాకా తగ్గలేదు.

మా ప్రేమకు రెండిళ్ళ వాళ్ళూ తలూపడానికి చాలా కాలం పట్టింది. తలూపాక కూడా కొత్త చెప్పులు తొడుక్కున్నట్టు, ఎక్కడ కరుస్తాయో అని ఒకరినొకరు జాగ్రత్తగా చూసుకుంటున్నారు. అందుకే కార్డులు రెండు వైపులా ఒకే తీరున ఉండాలని, కలిసి వెళ్ళి ఎంచుకోవాలని అత్తగారు అంటే మేం కాదనలేదు.

షాపు మెట్రో స్తంభాల వెనక సందులో, ఒక చీరల కొట్టు పైన ఉంది. షాపాయన లావుపాటి ఆల్బమ్‌లు మా ముందు పడేసి, "సెట్టా, ఉత్త కార్డా?" అని అడిగాడు. నాన్న ఉత్త కార్డన్నాడు. అదే క్షణంలో అత్తగారు సెట్టన్నారు. సెట్టంటే పైన కవరు, కవరు మీద అతికించే వినాయకుడు, లోపల అసలు కార్డు, ముహూర్తానికి ఒక కాగితం, రిసెప్షన్‌కు ఇంకొకటి, ఫంక్షన్ హాలుకు దారి చూపే ముక్క, చిన్న కుంకుమ పొట్లం, వీటన్నిటినీ కలిపి కట్టే పట్టుదారం. విప్పుకునేవాళ్ళకు ఓపిక ఉండాలే గానీ ఒక్కో కార్డు ఒక పూట కాలక్షేపం.

"జనం కార్డు చూసి ఒస్తరా చెల్లెమ్మా? యాటకూర ఉన్నదా లేదా అడిగి ఒస్తరు గానీ" అన్నాడు నాన్న. అత్తగారు ఆ కూర మాట వినిపించనట్టే కవరు కాగితాన్ని బొటనవేలితో రుద్ది చూశారు. తర్వాత వాసన చూశారు. కాగితానికి వాసనేమిటో నాకు అర్థం కాలేదు గానీ, అప్పటికే తల ప్రాణం తోకకు వచ్చి ఉండటంతో నేనూ ఒకసారి వాసన చూసి బాగుందన్నాను.

అసలు గొడవ కవరు మీద ఏం రాయించాలన్న దగ్గర వచ్చింది. నాన్న "లగ్నపత్రిక అని కొట్టు" అన్నాడు షాపాయనతో. అత్తగారు ఉలిక్కిపడ్డారు.

"అదేంటండీ అన్నయ్యగారూ! లగ్నపత్రికంటే పంతులుగారు రాసి, పసుపు పెట్టి ఇచ్చేది కదండీ. నలుగురికీ పంచేది శుభలేఖ. ఒకదాని పేరు తీసుకెళ్ళి ఇంకోదానికి పెడితే ఎలాగండీ?"

"మా దిక్కు దీన్నే లగ్నపత్రిక అంటరమ్మా. ఏ పేరైతే ఏంది, పెండ్లి పెండ్లే గదా."

"పేరైతే ఏంటని అనకండి. అక్షరానికి బలం ఉంటుందండీ."

ఈ వాదన ఇలాగే సాగితే పెళ్ళి ముహూర్తం దాటిపోతుందని నాకు భయం వేసింది. అమ్మ మాత్రం దేనిలోనూ వేలు పెట్టలేదు. వచ్చినప్పటి నుంచీ షాపాయన్ని ఒక్కటే అడిగింది, అక్షరాలు పెద్దగా ఉంటాయా అని. ఆమె మా హోంవర్కులు చూస్తూ చూస్తూ చదవడం నేర్చుకుంది. ఇప్పటికీ వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది.

"మీరేమీ అనరేంటి వదినగారూ? గులాబీ రంగా, గంధం రంగా?" అని అత్తగారు ఆమెను కదిపారు.

"చిన్నబిడ్డ ఇష్టం" అంది అమ్మ.

అత్తగారు నవ్వారు. "ఇంటికి పెద్దపిల్లని పట్టుకుని చిన్నబిడ్డ అంటారేంటండీ?"

నిజమే. నాకంటే చిన్నవాడు, మా తమ్ముడు, ఇంట్లో ఉండగా అమ్మ నన్ను చిన్నబిడ్డా అనే పిలిచేది. వాడు బాబు. నన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు ఒకసారి ఎందుకని అడిగితే, "నోటికి గట్ల అలవాటైంది" అంది. ముద్దు అనుకుని నేను ఊరుకున్నాను. ఆ రోజు షాపులో కూడా అత్తగారితో కలిసి నేనూ నవ్వాను.

చివరికి గంధం రంగు కాగితం, కవరు మీద శుభలేఖ, నాన్న మనసు నొప్పించకుండా వినాయకుడి బొమ్మ కొంచెం పెద్దది అన్న ఒప్పందం కుదిరింది. షాపాయన హమ్మయ్య అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కార్డులో వేసే రాతను వాళ్ళు మ్యాటర్ అంటారు. ఆయన దగ్గర ఆ మ్యాటర్ తయారుగా ఉంటుంది. పేర్లు మార్చుకుంటూ పోవడమే.

"మీ పేర్లు అయినయ్. ఇగ 'మా' అని ఉన్నది గద, దీని తర్వాత ఏం కొట్టాలె? ప్రథమ, ద్వితీయ, కనిష్ఠ, ఏకైక, అన్నీ ఉన్నయ్" అని మమ్మల్ని చూశాడు. "ఎన్నో బిడ్డ?"

"మొదటిది. ప్రథమ పుత్రిక అని కొట్టు" అన్నాడు నాన్న.

"కాదు" అంది అమ్మ. "రెండో బిడ్డ. ద్వితీయ అని కొట్టు."

తమ్ముణ్ణి కూడా లెక్కేసి తికమకపడిందేమో అనుకున్నాను ముందు. కానీ వాడు నా తర్వాత పుట్టినవాడు. ఎటు నుంచి లెక్కపెట్టినా నేను రెండోదాన్ని కాను. క్లాసులో బ్లడ్ రిలేషన్స్ అని ఒక పాఠం చెబుతాను. ఒకావిడ ఫొటో చూపించి ఈమె నా తల్లి అత్తగారి ఏకైక కొడుకు కూతురు అంటే, ఆమె ఎవరో మా పిల్లలు నిమిషంలో చెప్పేస్తారు. ఆ పాఠం చెప్పే నేను, రెండో బిడ్డ అన్న మాట దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను.

"నీకేమన్న ఎర్రి లేచిందా?" నాన్న గొంతు మారిపోయింది. "ప్రథమ కొట్టు తమ్మీ, నువ్వు కొట్టు."

"రెండో బిడ్డ" అంది అమ్మ, గొంతు పెంచకుండానే. "కన్నది నేను. నాకు తెల్వదా?"

షాపాయన చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్తగారి ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. కుర్చీ అంచుకు జరిగి, నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూశారు.

"అయితే పెద్దమ్మాయి ఉందా వదినగారూ? ఎక్కడుంది?"

"లేదు. పోయింది."

"పోయిందా? ఎవరితో అండీ?"

నిజం చెప్పాలంటే అదే ప్రశ్న నా బుర్రలోనూ అప్పటికే తిరుగుతోంది. ఎవరితోనో వెళ్ళిపోయిన అక్క, ఇంట్లో వాళ్ళు పేరెత్తకుండా వదిలేసిన అక్క, ఏ ఊళ్ళోనో పిల్లాపాపలతో ఉన్న అక్క, ఇన్ని రకాల అక్కలు ఒక్క రెప్పపాటులో నా కళ్ళ ముందు తిరిగారు.

"ఎవ్వరితోటి కాదు" అంది అమ్మ. "ఒక్కతే పోయింది. సచ్చిపోయింది."

పెళ్ళికార్డుల షాపులో అనకూడని మాట అది. షాపాయన శివశివా అనుకుంటూ గోడ మీది వినాయకుడికి దణ్ణం పెట్టుకున్నాడు. నాన్న లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చేతిలో ఉన్న కుంకుమ పొట్లాన్ని నలుపుతూ కూర్చున్నానని, అది చిరిగి వేళ్ళన్నీ ఎర్రగా అయ్యాక గానీ తెలుసుకోలేదు.

కింద రోడ్డు మీద అత్తగారు టీ కూడా తాగకుండా ఆటో ఎక్కారు. ఎక్కుతూ, "ఇలాంటివి ముందే చెప్పాలి కదండీ" అన్నారు, అటు నాన్నకూ ఇటు నాకూ కాకుండా మధ్యలో ఎవరికో చెప్పినట్టు. మేం ముగ్గురం మెట్రో ఎక్కాం. సీటు దొరికినా నాన్న కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, అద్దంలోకి చూస్తూ చెప్పాడు.

"ఏడాదిన్నర పిల్ల. నువ్వింక పుట్టలే. ఊళ్ళె ఉన్నం అప్పుడు. జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయెటప్పటికే అయిపోయింది. నేను బండి మీద బెజవాడ దిక్కు పోయిన. ఒచ్చేటాలకు అంత ఒడిసింది. మొఖం గూడ చూడలే."

అంతే చెప్పాడు. ఎల్బీనగర్‌లో దిగేటప్పుడు అమ్మ ఇంకొక్క మాట కలిపింది. మా నాయనమ్మ ఆ రోజుల్లోనే కట్టడి చేసిందట, పోయినవాళ్ళ మాట ఎత్తితే ఉన్నవాళ్ళకు కీడు అని. ఆ కీడు భయానికి నా వయసంత కాలం ఇద్దరూ నోరు కట్టుకున్నారు. నాకు జాలేసింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. నాకొక అక్క ఉండేదని నాకు చెప్పడానికి కార్డుల షాపాయన అడగాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుని, ఏమీ జరగనట్టు బియ్యంలో రాళ్ళేరడానికి కూర్చుంది. నేను ఎదురుగా కూలబడ్డాను.

"అక్క పేరేంది?"

అమ్మ చేట పక్కన పెట్టింది.

"నీ పేరే" అంది.

వెంటనే నాకు అర్థం కాలేదు. నాలాంటి పేరా, నా పేరుతో కలిసే పేరా అని అడిగాను. కాదంది. నీ పేరే, అక్షరం తేడా లేకుండా నీ పేరే అంది. ఆ బిడ్డ పుట్టినప్పుడే నాన్న సొంత లారీ కొన్నాడు. కొన్న రోజునే అద్దం పైన బిడ్డ పేరు రాయించాడు. బిడ్డ పోయాక ఆ పేరు తుడిపించమని అందరూ చెప్పారట. రంగు డబ్బా తెచ్చుకుని లారీ ఎక్కాడట, చెయ్యి ఆడక దిగిపోయాడట. తర్వాతి ఏడాది నేను పుట్టాను. లారీ మీద పేరు అలాగే ఉంది. అదే నాకు పెట్టేశాడు.

"నేనొద్దన్న. పోయిన బిడ్డ పేరు ఉన్న బిడ్డకు పెట్టొద్దన్న. నా మాట ఎవ్వలు ఇన్నరు? మీ నాయిన ఏడ్సుకుంట కాళ్ళ మీద పడ్డంత పని చేసిండు. పెట్టుకొమ్మన్న. నేను మాత్రం పిలవ అన్న."

నేను అక్షరాలు నేర్చుకున్న ఆ లారీ గుర్తొచ్చింది. వీధి పిల్లలను వరసగా నిలబెట్టి, నా పేరు చూడండ్రా అని చూపించిన రోజులు గుర్తొచ్చాయి. ఆ పేరు నాది కాదట. నేను పుట్టకముందే ఎండకు పాతబడటం మొదలైన పేరట అది. మనిషికి ఇంటి విషయం ఏదో ఒకటి ఆలస్యంగా తెలియడం మామూలే, కానీ సొంత పేరు గురించి ఇంత ఆలస్యంగా తెలియడం ఏం న్యాయం? గేటు దగ్గర నిలబడి ఉన్న నాన్న మీదికి వెళ్ళాను.

"తుడవ చాతగాక నాకు పెట్టినవా నాయినా?"

నాన్న కళ్ళు చూశాక రెండో ప్రశ్న అడగకుండానే లోపలికి వచ్చేశాను.

మర్నాడు క్లాసు లేకపోయినా కోచింగ్ సెంటర్‌కు వెళ్ళి స్టాఫ్ రూములో కూర్చున్నాను. పెళ్ళికొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ళింట్లో గట్టిగానే చర్చ జరిగినట్టుంది. ద్వితీయ పుత్రిక అని కార్డులో చూస్తే వాళ్ళ బంధువులంతా మొదటి పుత్రిక ఎక్కడని అడుగుతారట. లేచిపోయిందని కొందరు, ఏదో జబ్బు కుటుంబమని కొందరు కథలు అల్లుతారట. వాళ్ళ వైపు కార్డులోనూ నా వరస రాయాలి కాబట్టి ఆ ప్రశ్నలన్నీ వాళ్ళమ్మకే తగులుతాయట.

"ఏకైక పుత్రిక అని వేయించేస్తే సరిపోతుందని అమ్మ అంటోంది. ఇప్పుడు అబద్ధం కూడా కాదుగా" అన్నాడు.

"ఆ 'ఇప్పుడు' తీసేసి ఇంకోసారి చెప్పు" అన్నాను.

అతను చెప్పలేకపోయాడు. మంచివాడు, అందుకే చేసుకుంటున్నాను.

అదే సాయంత్రం షాపు నుంచి నా ఫోనుకు ప్రూఫ్ వచ్చింది. గంధం రంగు మీద మెరూన్ అక్షరాలు, చుట్టూ సన్నటి మామిడాకుల అంచు, చూడటానికి ముచ్చటగా ఉంది. మధ్యలో "మా ప్రథమ పుత్రిక చిరంజీవి" అని, దాని కింద నా పేరు. నాన్న ఎవరికీ చెప్పకుండా ఫోన్ చేసి అలా కొట్టించాడన్నమాట.

నాలో ఉన్న రీజనింగ్ టీచరు ఇక నిద్ర లేచింది. ప్రథమ వద్దు, ద్వితీయ వద్దు, ఏకైక వద్దు. ఉత్తగా "మా పుత్రిక" అని వేస్తే ఎవరూ ఏమీ అడగరు, అబద్ధమూ ఉండదు. ఇంత చిన్న లెక్క ఎవరికీ ఎందుకు తట్టలేదా అనుకుంటూ, ఫోను తీసుకెళ్ళి అమ్మకు చూపించి అదే చెప్పాను.

అమ్మ చేట పక్కన పెట్టి, ప్రూఫ్‌ను వేలితో పెద్దది చేసుకుని, గొణుక్కుంటూ చదివింది. పేరు దగ్గరకు వచ్చేసరికి గొణుగుడు ఆపేసింది.

"గీ పేరుతోటి నా మొదటి బిడ్డ ఎవ్వలు?" అని నన్నడిగింది. "నువ్వా?"

నేను ఫోను మీదికి వంగాను.

"గీ పేరు, గీ మొదటి బిడ్డ అన్న మాట రెండూ పక్కపక్కన ఉంటే, గది నువ్వు కాదు బిడ్డా. గది ఆమె. పైన చిరంజీవి అని గూడ రాసిండ్రు. నీ పెండ్లికి నేను ఆమె పత్రిక పంచాల్నా? అయ్యగారు నీ మెడల పుస్తె కట్టిస్తడు, పత్రికల పేరు ఆమెది ఉంటది. నా పానం ఎట్ల ఒప్పుతది?"

కళ్ళ ముందున్న ఆ రెండు పంక్తులను మళ్ళీ చదివాను. మా ప్రథమ పుత్రిక, చిరంజీవి, ఆ కింద ఆ పేరు. అమ్మ చెప్పాక దానిలో ఎక్కడ వెతికినా నేను లేను. ఏడాదిన్నర పిల్లకు అచ్చు వేయించిన శుభలేఖ అది.

"మరి ఉట్టిగ పుత్రిక అంటే?"

"ఎవ్వలో తెల్వదు. ఆమెనో, నువ్వో. ఏకైక అంటే ఆమె పుట్టనే లేదన్నట్టు. రెండు అని రాస్తే ఇద్దరుంటరు. ఆమె ఆమె లెక్క ఉంటది, నువ్వు నీ లెక్క ఉంటవు." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "ఇన్నొద్దులు నేనేం అడగలే. గీ ఒక్క మాట రాపియ్యి."

గది లోపలికి వెళ్ళి అత్తగారికి ఫోన్ చేశాను. పెళ్ళి ఆగిపోతే పోనీ అన్నంత మొండితనం వచ్చేసింది. మర్యాదలు కూడా మరిచిపోయి, అమ్మ అన్న మాటలు అన్నట్టే, ఆ యాసలోనే ఆవిడకు అప్పజెప్పాను. ఆవిడ అంతా విన్నారు. చివరికి "సరే, ఫోన్ పెట్టెయ్యమ్మా" అన్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. మంచం మీద కూర్చుని, అతనికి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కోవడం కూడా మొదలుపెట్టాను.

దీపాలు పెట్టే వేళకు గేటు ముందు ఆటో ఆగింది. అత్తగారు ఒక్కరే దిగారు, చేతిలో మల్లెపూల పొట్లంతో. నాన్న కంగారుగా కుర్చీ వేశాడు. ఆవిడ కుర్చీలో కూర్చోకుండా వెళ్ళి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నారు.

"పాప ఎలా ఉండేది వదినగారూ?" అని అడిగారు.

అమ్మ తెల్లబోయింది. నేనూ తెల్లబోయాను. పేరు అడిగాను, ఎప్పుడు పోయిందో విన్నాను, నాన్నను కడిగేశాను, ఈ ఒక్క ప్రశ్న నాకు తట్టనేలేదు. అమ్మ కాసేపు పైటకొంగు సర్దుకుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఎర్రగా ఉండేదట. జుట్టు రింగులట. గోడ పట్టుకుని నడిచేదట గానీ, లారీ హారన్ వినిపిస్తే గోడ వదిలేసి వాకిట్లోకి ఉరికేదట. ఉరికి పడేదట. పడ్డా ఏడ్చేది కాదట. గడప దగ్గర నిలబడిన నాన్న ఆ హారన్ మాట దగ్గర ముఖం అటు తిప్పుకున్నాడు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని నాకేసి తిరిగారు. "ఆ షాపాయనకి నువ్వే చెప్పమ్మా. మా వైపు కార్డులోనూ ద్వితీయే వేయమను. ఎవరైనా అడిగితే అడగనీ, నేను చెప్పుకుంటాను. మా ఇంటికొచ్చే పిల్ల శుభలేఖ మా పిల్లదే అవ్వాలి కానీ ఇంకొకరిది అవ్వకూడదు." లేస్తూ లేస్తూ నాన్న వైపు చూసి, "కవరు మీద మాత్రం లగ్నపత్రిక వేయించకండి అన్నయ్యగారూ" అన్నారు.

అక్షరానికి బలం ఉంటుందని ఆవిడ షాపులో అంటే చాదస్తం అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. అమ్మ బాధ మా అందరికంటే ముందు అందింది ఆ చాదస్తానికే. నాకు, నా రీజనింగ్‌కు, ఇంగ్లీషు మాస్టారుకు అందలేదు.

కొత్త ప్రూఫ్ మర్నాడు వచ్చింది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని నా ఫోను లాక్కున్నాడు. మళ్ళీ ఏం పేచీ పెడతాడో అని పక్కనే నిలబడ్డాను. ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ద్వితియ అని కొట్టిండు. తప్పు. 'తి' కి దీర్ఘం పెట్టమను" అన్నాడు. "బిడ్డ మాట తప్పు పోవద్దు."

ఏ బిడ్డ అని నేను అడగలేదు.

కార్డుల డబ్బా వచ్చిన రోజు అత్తగారు కూడా వచ్చారు. మొదటి కార్డు కర్మన్‌ఘాట్ హనుమంతుడికి ఇచ్చి, తర్వాత పంచాలని ముందే అనుకున్నాం. అమ్మ చిన్న గిన్నెలో పసుపు తడిపి, చాప మీద కూర్చుని, ఒక్కో కార్డు నాలుగు మూలలకూ వేలితో పసుపు పెట్టడం మొదలుపెట్టింది. అత్తగారు కుంకుమ పొట్లాలు సర్దుతున్నారు. నేను దారాలు కడుతున్నాను. దేవుడికిచ్చే కార్డు దగ్గరకు వచ్చేసరికి అమ్మ పసుపు పెట్టడం ఆపి దాన్ని విప్పింది. పసుపు అంటిన వేలే అక్షరాల కింద పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"మా... ద్వి... తీ... య... పుత్రిక... చిరంజీవి..."

అక్కడ ఆగింది. ఆ తర్వాత నా పేరు చదివింది. ఆమె గొంతులో నా పేరు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. నా చేతిలో దారం అలాగే ఉండిపోయింది. కార్డు మడిచి పక్కన పెట్టి, గిన్నెలోకి తొంగి చూసి, ఈసారి తలెత్తి నా వైపే చూస్తూ, అదే పేరుతో ఇంకోసారి పిలిచింది.

"ఏందమ్మా?" అన్నాను.

"పసుపు అయిపోయింది బిడ్డా, జర తెచ్చియ్యి" అంది.